చేర్యాల పటం, కొమురవెల్లి పట్నం: యాత్రికుడి డబ్బు కళలో దేన్ని మిగులుస్తుంది?

హైదరాబాద్‌లో ఏ హస్తకళల దుకాణంలోకి వెళ్లినా చేర్యాల బొమ్మ కనిపిస్తుంది. ఎర్రటి నేపథ్యం మీద కల్లు గీసే గౌడన్న, బతుకమ్మ ఎత్తుకున్న ఆడపడుచు, మగ్గం ముందు కూర్చున్న పద్మశాలి. చక్కగా ఫ్రేమ్ కట్టి ఉంటుంది, సూట్‌కేసులో పడుతుంది, గృహప్రవేశానికి బహుమతిగా పట్టుకెళ్లొచ్చు. అయితే ఇది గోడకు తగిలించడానికి పుట్టిన బొమ్మ కాదు. మూడడుగుల వెడల్పు, ముప్పై అడుగులు దాటే పొడవుతో ఉండే గుడ్డ చుట్ట ఇది. కాకిపడగలవాళ్లు ముదిరాజుల వాడలో, కూనపులివాళ్లు పద్మశాలీల వాడలో, డక్కలివాళ్లు మాదిగవాడలో దీని మడతలు విప్పుతూ, ఒక్కో గడినీ కర్రతో చూపిస్తూ రాత్రుళ్లు కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, మాదిగలకు జాంబపురాణం. ఏ కులానికి ఆ కథ, ఆ కథకు ఆ పటం.

పటం రాసే నకాషీల దగ్గరికి అప్పట్లో కొనడానికి వచ్చింది ఊళ్లవాళ్లు కాదు, కథ చెప్పేవాళ్లు. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో, ఎక్కడ ఎంత జాగా కావాలో వాళ్లు చెప్పాలి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంకనీళ్లు కలిపి పూతలు వేసి, ఆరబెట్టి, పైన గణపతితో మొదలుపెట్టి కిందికి రాసుకుంటూ పోవాలి. పటం ఒక పనిముట్టు. కథకుడి నోరు పలికితేనే దానికి పని. గుడ్డ చిరిగి శిథిలమైతే అటక మీద పడెయ్యరు, నీళ్లలో కలుపుతారు.

ఇప్పుడు ఆ నకాషీ ఇంటికి వచ్చేది యాత్రికుడు, దుకాణదారు, ఇంటీరియర్ డిజైనర్. వీళ్లు ముప్పై అడుగులు అడగరు. ఒక గడి చాలు. అలా చుట్ట ముక్కలై ఫ్రేములైంది, ముక్కల్లోంచి కథ జారిపోయింది, కథకుడు బేరంలోనే లేకుండా పోయాడు. బొమ్మ రాసే కుటుంబాలు మాత్రం నిలబడ్డాయి, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా తెచ్చుకున్నాయి. మరి ఇది కళ బతకడమా, చావడమా?

పర్యాటకం, సంస్కృతి, కళల సంబంధం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఈ ప్రశ్న దగ్గరే రెండు జట్లవుతారు. పర్యాటకుడు రాకపోతే ఈ పాటి పని కూడా ఉండేది కాదని ఒక జట్టు, పర్యాటకుడొచ్చి అంతా అంగడి సరుకు చేశాడని ఇంకో జట్టు. రెండు వాదనలకూ చేర్యాలే సాక్ష్యమిస్తుంది, కాబట్టి ఈ కొట్లాట తెగదు. నా మటుకు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. యాత్రికుడి డబ్బు ఒక కళలోకి వచ్చినప్పుడు అందులోని ఏ భాగానికి చేరుతుంది, ఏ భాగానికి చేరదు?

తెలుగు నేల మీద దీనికి జవాబు చాలా స్పష్టంగా కనిపిస్తుంది. కంటికి కనిపించేదానికి చేరుతుంది. చెవితో విని అర్థం చేసుకోవలసినదానికి చేరదు.

తోలుబొమ్మలాట సంగతి చూడండి. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ విద్య తెలిసిన కుటుంబాలున్నాయి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పారదర్శకంగా అయ్యేదాకా శుభ్రం చేసి, రంగులు వేసి, సన్నని చిల్లులు పొడిచి చేసే బొమ్మలు ఒక్కోటి మనిషంత ఎత్తుంటాయి. ఆట రాత్రి మొదలైతే తెల్లవారేదాకా సాగేది. అందులో రామాయణ భారతాల పద్యాలు ఒకెత్తు, మధ్యమధ్యలో దూరే హాస్యపాత్రలు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఇంకో ఎత్తు. ఊళ్లో ఎవడు లంచం తిన్నాడో, ఎవడి సంసారం ఎలా ఉందో ఆ బూతుమాటల్లోనే బయటపడేది. రావణుడు అలసిపోయినా జనం లేవకుండా కూర్చున్నది బంగారక్క కోసమే అంటే పెద్దవాళ్లెవరూ కాదనరు.

నిమ్మలకుంటలో ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి దీపాల మీద కప్పే తోలు గుమ్మటాలు, గోడ బొమ్మలు, తలుపుల తోరణాలు. అదే తోలు, అదే చిల్లులు, వెనక వెలుతురు కూడా అదే. కాకపోతే తెర లేదు, పద్యం లేదు, ఆడించేవాడి గొంతు లేదు. బంగారక్క దీపపు గుమ్మటం మీద నెమళ్ల పక్కన మౌనంగా ఉంటుంది, లేదంటే అసలు ఉండదు. బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారుకు ఆమె నోట్లోంచి వచ్చే రాయలసీమ మాటతో పని లేదు కదా.

ఒగ్గు కథకూ ఇదే జరిగింది, పైగా ఇందులో అమ్మడానికి వస్తువు కూడా లేదు. మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రంతా చెప్పగల చుక్క సత్తయ్య, మిద్దె రాములు లాంటివాళ్లు ఆటా పాటా మాటా ఒక్క ఒంట్లో పెట్టుకున్నవాళ్లు. ఈ రోజు ప్రభుత్వ ఉత్సవంలోనో, ఊరేగింపులోనో, మంత్రిగారి స్వాగతంలోనో మనకు కనిపించేది ఒగ్గు డోలు. ఒకే రంగు దుస్తుల్లో బృందంగా వచ్చి, డోళ్లు వాయిస్తూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురాలు కడతారు. చూడ్డానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది, సందేహం లేదు. భాష రాని అతిథి కూడా చప్పట్లు కొడతాడు. ఎందుకంటే అందులో అతనికి అర్థం కానిదంటూ ఏమీ మిగల్చలేదు. కథ చెప్పడానికి గంటలు కావాలి, డోలుకు పది నిమిషాలు చాలు.

అరకులో గిరిజనుల థింసా నృత్యం కూడా ఈ దారిలోనే ఉంది, కాకపోతే అక్కడ పరిస్థితి కొంత మేలు. రిసార్టులో చలిమంట చుట్టూ సాయంత్రం ఆడే థింసాలో చివర పర్యాటకులు కూడా చేతులు కలిపి నాలుగడుగులు వేస్తారు. పాట ఏమంటోందని అడిగేవాళ్లు ఉండరు. అయినా ఆడినవాళ్లకు సొంత ఊళ్లో చైత్రమాసపు ఇటికల పండుగ ఉంది, పెళ్లిళ్లు ఉన్నాయి. రిసార్టు ఆట ఆగిపోయినా ఊరి ఆట ఆగదు. తోలుబొమ్మకు ఆ రెండో ఆసరా దాదాపు లేదు. నష్టం ఎంతన్నది పర్యాటకుడు ఎంతమంది వచ్చారన్నదాని మీద కన్నా, అతను రాని రోజున ఆ కళను పిలిచేవాళ్లు ఇంకెవరున్నారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీలో ఈ చీలిక గుడ్డ మీదే కనిపిస్తుంది. గుడి కోసం రాసిన పాత పటాల్లో ప్రతి ఘట్టం దగ్గరా తెలుగులో రెండు ముక్కలు రాసి ఉంటాయి. ఎవరు ఎవరితో ఏమంటున్నారో చదువుకుంటూ పోవచ్చు. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద చింతబొగ్గుతో గీసి, ఇనుమూ బెల్లం పులియబెట్టిన నల్లరంగుతో గీతలు దిద్దే పద్ధతి ఇప్పటికీ ఉంది. రాత మాత్రం తగ్గిపోయింది. దుపట్టా మీద బుద్ధుడి ముఖం, చీర అంచున నెమలి వచ్చాయి. వాటికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

నేత, అద్దకం వంటి కళల్లో ఈ బాధ ఇంత లేదు, ఎందుకంటే వాటిలో మాట మొదటినుంచీ పెద్దగా లేదు. మచిలీపట్నం అద్దకం 17వ శతాబ్దంలోనే పారశీకుల రుచికి, డచ్చి, ఇంగ్లిషు కంపెనీల ఆర్డర్లకు తగ్గట్టు తీగలూ పూలూ మార్చుకుంది. ఎంత గిరాకీ వచ్చిందంటే, సొంత నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1701లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా మన అద్దకం గుడ్డల మీద నిషేధాలు పెట్టుకున్నాయి. బయటివాడి కోసం డిజైను మార్చడం పర్యాటకంతో పుట్టిన పాపం కాదన్నమాట. పోచంపల్లిలో కూడా యాత్రికుడు ప్రధాన కొనుగోలుదారు కాదు. చీర కట్టుకునే ఆడవాళ్లు ప్రధానం. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినప్పటికి ఆ పేరు చీరల వల్ల దేశమంతా తెలిసే ఉంది. వినోబా భావే 1951లో భూదానోద్యమం అక్కడే మొదలుపెట్టాడు కాబట్టి చరిత్ర పుస్తకాల్లోనూ ఉంది.

పోచంపల్లి నేర్పే పాఠం వేరే ఉంది, అది డబ్బు సంగతి. నేతగాడికి కూలి చీర లెక్కన, గంట లెక్కన కాదు. బస్సులో వచ్చిన నలభై మందికి మగ్గం ఆపి, దారానికి ముడులేసి రంగద్దే చిటికీ కట్టడం ఎలాగో, ఆసు మీద నూలు పోయడం ఎలాగో చూపించినంతసేపూ అతని పని సాగదు. వాళ్లు ఫొటోలు తీసుకుని, చాయ్ తాగి, చీర మాత్రం నగరంలో డిస్కౌంటులో కొందాంలే అని వెళ్లిపోతే ఆ పూట నష్టం అతనిదే. అక్కడ కొన్నా, చౌకగా దొరికిందని మిల్లు గుడ్డ మీద ఇక్కత్ నమూనా అచ్చేసిన చీర కొని సంతోషపడేవాళ్లు తక్కువేం కాదు. జీఐ గుర్తు పేరును కాపాడుతుంది తప్ప కొనేవాడి కన్నును కాదు. యాత్ర ఖర్చులో బండికి, గదికి, భోజనానికి పోయాక మిగిలే చివరి ముక్క కళకు వస్తుంది. దానిలోనూ దారి చూపినవాడి కమిషన్ ఉంటుంది. చూపించడం కూడా పనే అని ఒప్పుకుని దానికి విడిగా రుసుము పెట్టనంత కాలం, పర్యాటక గ్రామం అన్న బిరుదు నేతగాడికి కొంత బరువే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పాత పోషణ పోయిందని మనం కన్నీళ్లు పెట్టుకుంటాం గానీ, ఆ పోషణ ఎలాంటిదో పటం కథలవాళ్లను అడగాలి. ఆశ్రిత కులమంటే ఇంకో కులం గుమ్మం ముందు నిలబడి, ఇచ్చింది పుచ్చుకుని, మిరాశి (వంశపారంపర్య) హక్కు కోసం తగాదా పడి, మళ్లీ ఏడాది మళ్లీ రావడం. డక్కలివాళ్లయితే తాము కథ చెప్పే మాదిగవాడలో కూడా సమానులు కారు. వాళ్ల పిల్లలు పటం పక్కన పెట్టి చదువుకోవడానికో, ఆటో నడపడానికో పోయారంటే అది సంస్కృతి పతనం అనడానికి నాకు నోరు రాదు. నిమ్మలకుంటలో తోలు గుమ్మటం అమ్మే మనిషి ఊరూరా తిరిగి గుడారం వేసుకోనక్కర్లేకుండా సొంతింట్లో కూర్చుని పని చేసుకుంటున్నాడు. అతన్ని తిరిగి తెర వెనక్కి పంపే హక్కు ఎవరికీ లేదు. అడగగలిగింది ఒక్కటే: దీపపు గుమ్మటానికి ఇచ్చే గౌరవం, ధర మాటకు కూడా ఇస్తే ఎవరైనా వస్తారా?

వస్తారనడానికి రుజువు చేర్యాలకు పక్కనే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని పర్యాటకం అనే చూపుతో చూడలేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ఆదివారం ఆదివారం సాగుతుంది. మొదటిది పట్నం వారం, హైదరాబాద్ భక్తులది. తర్వాతది లష్కర్ వారం, సికింద్రాబాద్‌ది. ఒళ్లంతా బండారు పూసుకుని, బోనాలెత్తుకుని వచ్చే ఈ జనం ప్రయాణం చేస్తారు, సత్రాల్లో దిగుతారు, ఖర్చు పెడతారు. పర్యాటకుడంటే ఇంతకన్నా ఏం కావాలి? వీళ్లు ఒగ్గు పూజారికి డబ్బిచ్చి పట్నం వేయించుకుంటారు. నేల మీద రంగు పొడులతో పూజారి పట్నం అనే ముగ్గు పరుస్తాడు, పరుస్తూనే మల్లన్నను, గొల్ల కేతమ్మను, మేడలమ్మను పిలుస్తూ పాడతాడు. జగ్గు అనే డమరుకం మోగుతుంది. జాతరలో పెద్దపట్నం వేసిన రోజు భక్తులు ఆ బొమ్మను దాటుకుంటూ, తొక్కుకుంటూ పోతారు. గంటల తరబడి వేసిన చిత్రం కాసేపట్లో రంగుల దుమ్ము అయిపోతుంది.

అసలు కీలకం ఇక్కడుందనుకుంటాను. పటం చుట్టి తీసుకెళ్లొచ్చు, అందుకే అది కథకుడి నుంచి విడిపోయింది. పట్నం తీసుకెళ్లడానికి లేదు. బొమ్మ కావాలంటే మనిషి కావాలి, మనిషి వస్తే పాట వస్తుంది. కొమురవెల్లిలో అమ్ముడయ్యేది వస్తువు కాదు, ఒగ్గు పూజారి సమయం. దానికి ధర కట్టినందువల్లే అక్కడ మాట కూలిపోలేదు. రెండు ఊళ్లూ సిద్దిపేట జిల్లాలోవే, కొమురవెల్లి మండలంగా విడివడకముందు చేర్యాల మండలంలోదే.

బాలి ద్వీపం వాళ్లు ఈ చిక్కును ముందే గుర్తించారు. యాత్రికులు పెరుగుతున్న కాలంలో, 1971లో అక్కడి పెద్దలు, కళాకారులు సభ పెట్టుకుని నాట్యాలను మూడుగా విడదీసుకున్నారు: గుడి లోపలి పవిత్రమైనవి, ఉత్సవానికి సంబంధించినవి, వినోదం కోసం ఎవరికైనా చూపించదగ్గవి. గుడిలో దేవతలను ఆహ్వానించే పెండెట్ నాట్యం అతిథుల ముందు ఆడటం ఇష్టం లేక ఆ రోజుల్లోనే పాన్యెంబ్రమ అనే కొత్త స్వాగత నృత్యాన్ని కూర్చుకున్నారు. తమాషా ఏమిటంటే తర్వాత కొన్ని గుళ్లలో ఆ కొత్త నృత్యాన్నే దేవుడి ముందు ఆడటం మొదలుపెట్టారు. గీత గీసినా అది కదిలింది. కానీ గీసిందీ కదిపిందీ బాలి వాళ్లే, హోటళ్లు కాదు.

కళ నుంచి యాత్రకే కాదు, యాత్రాస్థలం నుంచి కళకూ దారి ఉంటుందని చెప్పడానికి మనకు రామప్ప ఉంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి శిల్పాలనూ, జాయపసేనాని నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ ముందు పెట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు వెళ్లేవాళ్లు పెరిగారు, వాళ్లలో పేరిణి పేరు విన్నవాళ్లు కూడా పెరిగి ఉంటారు. రాతి బొమ్మ నుంచి మనిషిని పుట్టించవచ్చు. పాటను పుట్టించడం మాత్రం కష్టం, రాయి పాడదు.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. తెలుగు రాష్ట్రాలకు వచ్చే పర్యాటకుల్లో విదేశీయులు చాలా కొద్దిమంది. తిరుమల, శ్రీశైలం, యాదగిరిగుట్ట, వేములవాడ, భద్రాచలం తిరిగేవాళ్లలో అత్యధికులకు తెలుగు వచ్చు, రామాయణం తెలుసు, కేతిగాడి జోకు పేలితే నవ్వగలరు. అయినా మన సాంస్కృతిక కార్యక్రమాలన్నీ భాష రాని అతిథిని ఊహించుకునే తయారవుతున్నాయి: పది నిమిషాలు, రంగురంగుల బట్టలు, డోలు, ఫొటో. ఎవరో రాబోతున్నారని ఇంట్లోవాళ్లకు పెట్టకుండా వంటంతా దాచిపెట్టినట్టుంది వ్యవహారం.

చేయగలిగినవి పెద్ద పనులు కావు. జాతర ఆదివారాల్లో కొమురవెల్లికి వచ్చే జనం కొందరు చేర్యాలలో దిగితే, అక్కడ ఒక హాలులో పటం నిడివి మొత్తం వేలాడదీసి, చెప్పగలవాళ్లు ఇంకా ఉండగానే ఒక గంట కథ చెప్పించి, టికెట్ పెట్టి, ఆ డబ్బు నకాషీకీ కథకుడికీ పంచవచ్చు. ఫ్రేమ్ కొన్నవాడికి ఆ గడి ఏ కథలోదో, ఆ చోట కథకుడు ఏం పాడతాడో ఫోన్‌లో వినిపించవచ్చు. లేపాక్షి గుడి చూసి వెనక్కి పోయేవాళ్లకు శనివారం రాత్రి నిమ్మలకుంట ఆట పెట్టి, బంగారక్కను కత్తిరించకుండా వదిలేయవచ్చు.

చిక్కు వచ్చేది ఏ కథ చెప్పించాలి అన్న దగ్గర. రామాయణమైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. జాంబపురాణం అలాంటిది కాదు. అందులో జాంబవుడు సృష్టికి ముందే పుట్టినవాడు, అంటే కులాల్లో అందరికన్నా పెద్దవాడు మాదిగ. కలగలుపు జనం ముందు, ప్రభుత్వ హాలులో, టికెట్ కొన్న కుటుంబాల ముందు ఆ మాట పలికితే ఎవరో ఒకరు లేచి నిలబడతారు. పర్యాటక శాఖ కార్యక్రమాల జాబితా రాస్తే అందులో ఏది ఉంటుందో, ఏది ఉండదో ఇప్పుడే చెప్పొచ్చు. అందుకని ఆ జాబితా డక్కలివాళ్లూ, కూనపులివాళ్లూ, కాకిపడగలవాళ్లూ కూర్చుని రాయాలి. బయట చెప్పకూడదని వాళ్లనుకున్న కథను వాళ్లే తీసేయాలి, చెప్పి తీరాలనుకున్నదాన్ని శాఖ తీసేయకూడదు.